సముద్రతీర విశ్రాంతి యాత్ర: కొడల గృహస్థునకు ఒక పాఠము

వర్తకుడు ఒక మూట సరకు కొనబోవునప్పుడు ఎన్నో విచారించును. పంట యెట్లున్నది, రవాణా యెంత పడును, దారిలో తడిసిన సరకు నష్టమెవరిది, బాకీ యెప్పటికి వసూలగును అను సంగతులు తెలియక బయానా ఇయ్యడు. ఆ వర్తకుడే ఇల్లాలిని, పిల్లలను, ముదుసలి తల్లిని వెంటబెట్టుకొని నాలుగు దినములు విశ్రాంతికి సముద్రతీరమునకు బయలుదేరునప్పుడు మాత్రము ఒక బొమ్మను చూచి గది కుదుర్చుకొనును. బొమ్మలో నీరు నీలముగా నుండును, ఇసుక తెల్లగా నుండును. ఏ నెలలో తీసిన బొమ్మయో దానిపై వ్రాసియుండదు. ఆ నీటిలో దిగవచ్చునా, ఆ ఊరిలో ప్రొద్దు క్రుంకుటకు ముందు పిల్లలకు అన్నము దొరకునా అనునది బొమ్మ చెప్పదు.

దృష్టాంతమునకు కొడల బజారులో బట్టల దుకాణము గల ఒక ఉమ్మడి కుటుంబమును తీసికొనవచ్చును. ఇంటి యజమాని, ఆయన తల్లి, ఇల్లాలు, చదువుకొన్న పెద్దకుమారుడు, కోడలు, ఇద్దరు మనుమలు. దీపావళికి క్రొత్త ఖాతాలు తెరచిన తరువాత ఒక రాత్రి ఈ మాట వచ్చినది.

"నాన్నగారూ, ఈసారి మధ్యధరా సముద్రం చూద్దాం. ఫ్రాన్సు దేశంలో నీస్ అని ఊరుంది. చలికాలంలో దూదేకుల దుప్పటి లేకుండా తిరగొచ్చునట" అని కుమారుడనెను.

"మరి మామ్మ మాటో?"

ముసలమ్మ జపమాల ప్రక్కనబెట్టి, "నాకు దిక్కుల నియమముంది నాయనా. ఉత్తరాన సమ్మేతశిఖరం, దక్షిణాన శ్రవణబెళగొళ, పడమట గిరినార్. తూర్పున సముద్రపు ఒడ్డు. ఒడ్డు దాకా వస్తాను, ఒడ్డు దాటను. మీరు వెళ్లి రండి" అనెను.

ఈ మాటతో పాఠము ప్రారంభమగుచున్నది. శ్రావకుల గుణవ్రతములలో దిగ్వ్రతమనునది ఒకటి. గృహస్థుడు ఏ దిక్కున ఎంత దూరము పోవచ్చునో తనకు తానే హద్దు ఏర్పరచుకొనుట దాని తాత్పర్యము. పూర్వము వర్తకులు దూరదేశములకు పోయి చేయు ఆరంభ సమారంభములకు అది కళ్లెము. ఇప్పటి ఇండ్లలో ఈ వ్రతము పెద్దవారియందే కానవచ్చును గనుక పడుచువారు ప్రయాణపు సన్నాహములన్నియు ముగించి, చీటీలు కొని, చివర మామ్మతో చెప్పుదురు. అప్పుడు ఆమె వ్రతమో, కొడుకు డబ్బో ఏదో యొకటి భంగము కావలెను. కనుక యాత్రకు మొదటి ప్రశ్న ఊరి పేరు కాదు. ఇంటిలో ఎవరికి ఏ నియమమున్నది అనునదియే. ఈ కుటుంబమునకు మొదటి ప్రశ్నకే జవాబు రెండుగా చీలినది. మామ్మతో కూడిన యాత్ర ఒకటి, మామ్మ లేని యాత్ర ఒకటి. మొదటిదానికి కొడలకు దగ్గరనున్న సముద్రమే తగియున్నది.

కొడలనుండి సముద్రతీరపు విశ్రాంతి స్థలమనగా గోపాలపురమే. ఖల్లికోటమీదుగా పెద్ద రహదారి చేరి, హుమ్మా ఉప్పుమళ్లు ప్రక్కగా ఋషికుల్య వంతెన దాటి, గంజాము, ఛత్రపురముల మీదుగా పోవచ్చును. లేదా బరంపురము పోయి అచ్చటనుండి పదునారు కిలోమీటర్లు తూర్పుగా పోవచ్చును. ప్రొద్దుట బయలుదేరినవారు మధ్యాహ్న భోజనమునకు ముందే చేరుదురు. ముసలివారికి ఈ దగ్గరితనమే పెద్ద సదుపాయము. ఒంట్లో బాగులేనిచో బరంపురపు వైద్య కళాశాల ఆసుపత్రి చేరువనే యున్నది.

ఈ గోపాలపురమును చిన్నచూపు చూచి మధ్యధరా తీరమును మాత్రమే కలవరించువారు రెండు సంగతులు తెలిసికొనవలెను. క్రీస్తుశకము రెండవ శతాబ్దమున భూగోళ గ్రంథము వ్రాసిన టాలమీ మధ్యధరా తీరమునందలి అలెగ్జాండ్రియా పట్టణమువాడు. బంగారు దేశమునకు పోవు ఓడలు ఒడ్డు విడిచి నడిసముద్రములో పడు చోటునకు చేరువగా పాలూర అను నొక ఊరిని అతడు పేర్కొన్నాడు. అది గంజాము తీరమున చిలక సరస్సు దక్షిణపు కొసనున్న పాలూరే యని పండితులు పలువురు గుర్తించుచున్నారు. అనగా మధ్యధరా ఒడ్డున కూర్చున్న వాడే పదునెనిమిది వందల యేండ్ల క్రిందట ఈ ఒడ్డు పేరు వ్రాసికొన్నాడు. రెండవది: గోపాలపురమున ప్రసిద్ధికెక్కిన పామ్ బీచ్ హోటలును 1914లో కట్టినవాడు మాగ్లియోనీ అను ఇటలీ దేశస్థుడు. తన దేశపు సముద్రతీర విడుదుల పోలికను అతడు ఈ ఇసుకపైకి తెచ్చినాడనుకొనుట తప్పుకాదు. 1947లో దానిని ఓబెరాయ్ కొనెను. ఆ పిదప మరల చేతులు మారినది.

కాని అంతకుముందు గోపాలపురము విహారస్థలము కాదు, రేవు. గంజాము జిల్లా మదరాసు రాజధానిలో నుండిన కాలమున ఇచ్చటనుండి ధాన్యము ఓడలకెక్కెను. రంగూనునకు కూలికి పోవు ఒరియా, తెలుగు జనము ఇచ్చటనే పొగ ఓడ నెక్కిరి. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిశా రాష్ట్రమేర్పడి గంజాము అందులో చేరినది. 1942లో బర్మా జపానువారి వశమగుటతో రంగూను రాకపోకలు నిలిచిపోయెను. సరకు పోయిన చోట షికారు మిగిలినది. ఈ శతాబ్దమున క్రొత్త రేవు మరల పనిచేయుచున్నది గాని యాత్రికుడు పోవునది పాత రేవు గోడల శిథిలములున్న ఒడ్డునకే.

ఇక ఋతువు. ఇచ్చటనే బొమ్మ చూచి పోవువాడు మోసపోవును. మధ్యధరా సముద్రపు వేసవిలో వాన అరుదు. జూలై, ఆగస్టులలో ఎండ కాయును, నీరు వెచ్చబడును; కనుకనే ఐరోపా జనమంతయు ఆ రెండు నెలలలో ఒడ్డున మూగుదురు. బంగాళాఖాతమున ఆ రెండు నెలలే నైఋతి ఋతుపవనముల కాలము. అలలు లేచి నీరు బురదరంగు తిరిగియుండును. చాతుర్మాస్యము కూడ అప్పుడే. సాధుసాధ్వులు ఒక్కచోట నిలిచిపోవు ఆ నాలుగు మాసములలో గృహస్థులును వీలైనంత ప్రయాణములు తగ్గించుకొనుట మన ఇండ్లలో ఆచారము. వానకు పుట్టు జీవులను త్రొక్కకుండుటకై ఏర్పడిన నియమమది; ఈ ఒడ్డున అది మనుష్య జీవిని కూడ కాపాడుచున్నది. వానలు వెనుకబట్టిన తరువాత వచ్చు అక్టోబరు, నవంబరు మాసములు తుపానుల కాలము. 1999 అక్టోబరు 17వ తేదీ రాత్రి ఒక పెనుగాలి గోపాలపురము చేరువనే ఒడ్డు తాకినది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను ఇచ్చటనే ఒడ్డెక్కినది; లక్షలాది జనమును ముందుగనే ఖాళీ చేయించుటవలన ప్రాణనష్టము తగ్గినది. దసరా సెలవులున్నవి గదాయని ఆ రోజులలో గది కుదుర్చుకొనువారు ఈ రెండు తేదీలను ఖాతా మొదటి పుటలో వ్రాసికొనుట మంచిది.

మే నెలలో ఎండయు ఉక్కయు పిల్లలకును ముసలివారికిని తగవు. కనుక మిగులునది డిసెంబరునుండి ఫిబ్రవరి వరకు. అందులో సంవత్సరాంతపు వారము వనభోజనముల వారితోను, వారి గొట్టాలతోను నిండియుండును. ఒడ్డున మాంసము వండుకొనువారును కానవత్తురు. ధాన్యపు వ్యాపారమున్న ఇండ్లకు మార్గశిర పుష్యములు తీరిక లేని నెలలు. బట్టల దుకాణమునకు సంక్రాంతి అమ్మకము ముగిసిన పిదప తీరిక. ఇన్ని కొట్టివేతల తరువాత ఈ కుటుంబమునకు తేలిన కాలము జనవరి నాల్గవ వారము.

సముద్రమును గూర్చి ఇక నిదానముగా చెప్పవలసియున్నది. ఏలనన ప్రాణములు పోవునది ఇచ్చటనే. గోపాలపురమున స్నానమునకు దిగి మునిగిపోయిన వారి వార్తలు పత్రికలలో మాటిమాటికి వచ్చుచుండును. వారిలో ఈత వచ్చిన యువకులు తక్కువేమీ కాదు. కారణమిది. అలలు ఒకదాని వెంట ఒకటి నీటిని ఒడ్డునకు త్రోయును. ఆ నీరు తిరిగి పోవలెను గదా. ఒడ్డు పొడుగునా సమానముగా పోదు. ఇసుక అడుగున ఎచ్చట పల్లమున్నదో అచ్చటికి చేరి, కాలువవలె సన్నని దారిన వేగముగా లోపలికి పోవును. ఆ దారిలో అలలు తక్కువగా విరుగును, నురుగు తక్కువగా నుండును, నీరు కొంచెము నల్లగా నిదానముగా కనబడును. తెలియనివాడు "ఇచ్చట అల లేదు, పిల్లలకు ఇదే మంచిచోటు" అని సరిగా అచ్చటనే దిగును. మోకాలిలోతున నిలిచినవాని కాలిక్రింది ఇసుక జారును. అడుగు తేలినవెంటనే అతడు ఒడ్డువైపు తిరిగి ఎదురీదును. ప్రవాహమునకు ఎదురీది గెలుచుట గజ ఈతగానికిని కష్టము. అలసట వచ్చును, భయము వచ్చును, నోట నీరు పోవును.

చేయవలసినది దీనికి విరుద్ధము. ఒడ్డువైపు ఈదక, వెల్లకిల తేలి ఊపిరి నిలుపుకొని, చేయెత్తి పిలువవలెను. ఓపికయున్నచో ఒడ్డునకు సమాంతరముగా, అనగా ప్రక్కకు, కొంతదూరము ఈదవలెను. ప్రవాహము సన్ననిది గనుక దానినుండి తప్పుకొన్న తరువాత అలలే మనిషిని ఒడ్డునకు త్రోయును. ఒకరు మునుగుచుండగా ఇంకొకరు దూకుట మన కుటుంబములలో సహజము. అన్నదమ్ములిద్దరును పోయిన సందర్భములు అందువలననే. దూకక, తాడో ఖాళీ డబ్బాయో విసరి, నోలియాను పిలువవలెను.

నోలియాలు అని ఈ తీరమున పిలువబడు బెస్తవారు తెలుగు మాటలాడువారు. వాడబలిజలు తరతరములుగా ఈ ఒడ్డున తెప్పలపై బ్రదుకుచున్నారు. సముద్రమెరిగిన వారి మాట విలువ ఎట్టిదనగా, ఏ చోట ఇసుక నిన్న ఎట్లుండెనో, నేడెట్లు మారెనో వారికి తెలియును. ఇసుక పల్లములు స్థిరము కావు. పోయిన యేడు స్నానము చేసిన చోటే ఈ యేడును మంచిదని యెవరును చెప్పజాలరు. వారి వృత్తి చేపలు పట్టుట గనుక మనవారు కొందరు వారితో మాటాడుటకే సంకోచింతురు. ఇది తెలివిగల పని కాదు. "బాబూ, ఇయ్యాల ఎక్కడ దిగొచ్చు?" అని తెలుగున ఒక ముక్క అడుగుటకు ఏ వ్రతమును అడ్డురాదు. అతడు "ఇయ్యాల వద్దు బాబుగారూ" అనినచో ఆ దినము ఒడ్డున కూర్చుండుటయే. ఆటుపోటుల తేడా ఇచ్చట అమావాస్య, పున్నములకు సుమారు రెండు మీటర్లవరకు నుండును. తిథులెరిగిన ఇంటిలో ఈ లెక్క కష్టము కాదు.

నీటిలోని అప్కాయ జీవులను తలచి సముద్రస్నానమే మానుకొన్న పెద్దలును కలరు. వారికి గోపాలపురమున చేయవలసిన పని లేదనుకొనరాదు. ఆ తీరము తూర్పుముఖము. సూర్యుడు నీటినుండి లేచును. మామ్మకు చాపయు, వీపునకు ఆనుడును, మెడకు శాలువయు ఉన్నచో సామాయికమునకు అంతకన్న నిశ్శబ్దమైన చోటు బజారు వీధిలో దొరకదు.

భోజనపు సంగతి ఇల్లాలు చూచుకొనునని యజమాని దులుపుకొనుట పరిపాటి. ఆమెయు విశ్రాంతికే వచ్చుచున్నదన్న మాట మరచుట కూడ పరిపాటియే. గోపాలపురపు ఒడ్డునగల బండ్లలో చేపలు వేపిన నూనెలోనే బజ్జీలును వేయుదురు. కనుక బండి తిండి కూడదు. హోటలు వంటవానితో గది కుదుర్చుకొనుటకు ముందే మాట్లాడవలెను. "శాకాహారమా?" అని అడిగిన ప్రతివాడును "అవును" అనును. అడగవలసిన తీరు వేరు: ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప, ముల్లంగి, క్యారెట్టు లేకుండ పప్పు, కూర చేయగలరా; వేరు మూకుడు ఇత్తురా; సాయంకాలము ఐదు గంటలకు వడ్డింతురా? చివరిదే ముఖ్యము. ఈ తీరమున జనవరి చివర సూర్యాస్తమయము సుమారు ఐదున్నర గంటలకు, డిసెంబరు తొలి పక్షమున ఐదుంబావునకే. హోటలువారి రాత్రి భోజనము ఏడు దాటినగాని సిద్ధము కాదు. కనుక ముందుగా మాట తీసికొననిచో మామ్మ నాలుగు దినములును అటుకులతో గడుపును, ఆమెను చూచి కోడలును సగము ఆకలితో పడుకొనును. వడగట్టు గుడ్డ, నీరు కాచు పాత్ర, మినపసున్ని, పెసరపిండి, వేయించిన అటుకులు, ఎండు మామిడి ఇంటినుండి పోవలెను. ఈ మూట వర్తకుని సరకు మూటకన్న బరువు కాదు.

నాలుగు దినములును ఇసుకలోనే గడపనక్కరలేదు. చలికాలమున చిలక సరస్సునకు దూరదేశపు పక్షులు లక్షలుగా వచ్చును. రంభ రేవునుండి పడవలో పోయి చూడవచ్చును. తప్తపాని ఉష్ణగుండము బరంపురమునకు అవతల కొండలలో నున్నది, ముసలివారి కీళ్లకు హాయి. ఈ రెండు చోట్లను ఒడిశా పర్యాటకశాఖ వారి విడుదులున్నవి.

జీవదయ యందు అభిమానము గల ఇండ్లు తప్పక తెలిసికొనవలసినది ఋషికుల్య ముఖద్వారము. ఫిబ్రవరి, మార్చి మాసములలో సముద్రపు తాబేళ్లు అచ్చట వేలకొలది, కొన్ని యేండ్లలో లక్షలకొలది ఒడ్డెక్కి ఇసుకలో గ్రుడ్లు పెట్టి పోవును. ఒక్కొక్కటి సుమారు నూరు, నూటయిరువది గ్రుడ్లు పెట్టును. నలుబదియైదు మొదలు ఏబదియైదు దినములకు పిల్లలు వెలువడును. కొన్ని యేండ్లు అవి అసలే మూకగా రావు. 1994లో ఈ సంగతి శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చినదిగాని, చుట్టుప్రక్కల పల్లెలవారికి తాబేళ్లు అంతకుముందే తెలియును. ఇప్పుడు ఆ పల్లెల పడుచువారే కాపలా కాయుచున్నారు. నవంబరు 1 మొదలు మే 31 వరకు ఈ నదీముఖమునకు ఇరువది కిలోమీటర్లలోపల సముద్రమున చేపలు పట్టుట నిషిద్ధము. బెస్తవారికి అది ఏడు నెలల కడుపుకోత. జీవదయకు చందా వ్రాయువారు ఆ నష్టములో ఏ కొంచెమైనను ఎవరు పూడ్చుచున్నారో విచారించినచో బాగుండును.

పిల్ల తాబేలు రాత్రివేళ గుంటనుండి వెలువడి, ఎటు వెలుతురున్నదో అటు నడచును. సృష్టిక్రమమున ఆ వెలుతురు సముద్రముపై ఆకాశమునది. ఒడ్డున దీపమున్నచో అది సముద్రము విడిచి దీపమువైపు పోయి, తెల్లవారునప్పటికి ఎండకు, కుక్కలకు, కాకులకు బలియగును. యాత్రికుని చేతిలోని చిన్న దీపపు బుడ్డియు, చేతి ఫోను వెలుగును ఆ పాపమునకు చాలును. కనుక చూడబోవువారు వేకువనే, దీపము లేక, కాపలావారు చెప్పిన దారినే పోవలెను. ఇది జనవరి యాత్రలో కలియదు. ఏప్రిలు మాసమున కొడలనుండి వేకువకు పోయి తిరిగి వచ్చు వేరొక దినముగా పెట్టుకొనవలెను.

ఇప్పుడు కుమారుని నీస్ పట్టణము. ఆ కోరిక తప్పు కాదు. నియమము లేనివారిని నియమము గలవారు కట్టివేయుట దిగ్వ్రతపు ఉద్దేశము కాదు. మామ్మ తానే "వెళ్లి రండి" అనినది. అయితే గోపాలపురమునకు వేసిన ప్రశ్నలనే నీస్ నగరమునకును వేయవలెను. జవాబులు మాత్రము తలక్రిందులగును.

మొదట ఋతువు. కుమారుడు చలికాలమన్నాడు. పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండు ధనవంతులు చలికి తాళలేక నీస్ నగరమునకు పోయినది చలికాలముననే. వారి పేరనే అచ్చటి సముద్రపు బాట నేటికిని "ఆంగ్లేయుల విహారవీధి" యని పిలువబడుచున్నది. వేసవిలో అచ్చటికి పోవుట 1920 తరువాత వచ్చిన మోజు. అయితే ఇంగ్లండువానికి వెచ్చనైన డిసెంబరు కొడలవానికి చలియే, దూదేకుల దుప్పటి కావలసినదే. అంతకన్న పెద్ద చిక్కు: డిసెంబరున అచ్చట ఐదు గంటలకు ముందే ప్రొద్దు క్రుంకును. ఫలహారశాలలు రాత్రి భోజనమునకు తలుపు తెరచునది ఏడు, ఏడున్నరకు. రాత్రి భోజనము విసర్జించిన కుటుంబము ఆ ఊరిలో ప్రతి సాయంకాలము పస్తు. జూలైలో తొమ్మిదింబావువరకు సూర్యుడుండును. ఏడున్నరకు కూర్చుండి నిదానముగా తిని లేచినను ఇంకను వెలుతురే. కాని జూలైలో చాతుర్మాస్యము వచ్చిపడును, ధరలును జనమును మిన్నుముట్టును.

ఈ రెంటికి నడుమ జూన్ మొదటి పక్షమున్నది. ఒడిశా బడులకు వేసవి సెలవులు చాలవరకు అప్పుడుండును. ప్రొద్దు తొమ్మిది దాటినగాని క్రుంకదు. నీరు మాత్రము ఇంకను కొంచెము చల్లగా, సుమారు ఇరువది డిగ్రీలుండును. గంజామువారికి అది చలినీరే. ఆటుపోటు అచ్చట జానెడు, రెండు జానలకు మించదు. కెరటములు బంగాళాఖాతపు కెరటములు కావు. అయినను ఏమరరాదు. నీస్ ఒడ్డున ఇసుక లేదు, గులకరాళ్లున్నవి. చెప్పులు లేనిదే నడువరాదు, నాలుగడుగులలోనే లోతు వచ్చును.

తిండికి ఆ ఊరిలో ఒక ఆశ్చర్యకరమైన చుట్టము దొరకును. శనగపిండిని నీటితోను, ఓలివ్ నూనెతోను, ఉప్పుతోను కలిపి పెద్ద రాగిపళ్లెరమున పోసి కట్టెలపొయ్యిలో కాల్చుదురు. పేరు "సొక్కా". సరిహద్దు దాటి ఇటలీ జెనోవాకు పోయినచో దానినే "ఫరినాటా" అందురు. మన శనగపిండి అట్టునకు అన్నగారు. పైన మిరియపు పొడి చల్లుదురు. ఉల్లి వేయలేదు గదాయని అడిగి పుచ్చుకొనవలెను. మిగిలినవాటిలో జాగ్రత్త ఎక్కువ. "రటటూయ్" శాకాహారమేగాని అందు వంకాయ, ఉల్లి, వెల్లుల్లి మూడును ఉండును. "పిస్సలాదియేర్" చూచుటకు రొట్టెవలె నుండును. ఉల్లిపైన ఉప్పుచేప పరచినది. పార్మిజాన్ జున్ను పాలనుండి చేసినదే యని తినరాదు. దూడ కడుపునుండి తీసిన తోడుతో దానిని విరుగజేయుదురు. ఇటలీ రొమాన్యా సీమ "పియదీనా" రొట్టెలో పూర్వాచారము చొప్పున పందికొవ్వు కలియును. బజారున నిగనిగలాడు అంజూరపు పండ్లు ఉదుంబర జాతివి. మామ్మ లేదు గదాయని పిల్లలు చేయి చాపకుండ చూడవలెను. ఇన్ని చిక్కులున్నవి గనుక హోటలు గదికంటె వంటయిల్లు గల చిన్న ఇల్లు అద్దెకు తీసికొనుట ఉత్తమము. బజారున కూరలు, బఠాణీలు, చిక్కుళ్లు, ఓలివ్ కాయలు కావలసినన్ని.

కాగితములు ఇంకొక యెత్తు. ఐరోపా షెంగెన్ దేశములన్నిటికి ఒకే వీసా. నూట యెనుబది దినములలో తొంబది దినములకు మించి ఉండరాదు. ప్రయాణమునకు ఆరు నెలలకన్న ముందుగా గాని, పదునైదు దినములకన్న ఆలస్యముగా గాని దరఖాస్తు పెట్టరాదు. పాస్‌పోర్టు పది యేండ్లలోపల ఇచ్చినదై, తిరిగి బయలుదేరు దినము తరువాత మూడు నెలలైనను చెల్లుబడి కావలెను. కనీసము ముప్పదివేల యూరోల వైద్య బీమా తప్పదు. జూన్ ప్రయాణమునకు జనవరిలో, అనగా గోపాలపురమునుండి తిరిగివచ్చిన వారములోనే, పాస్‌పోర్టులు బయటికి తీసి గడువులు చూచుకొనవలెను. పిల్లల పాస్‌పోర్టులు ఐదేండ్లకే తీరిపోవును. పెద్దవారివి చూచి పిల్లలవి చూడక విమానాశ్రయమునుండి తిరిగివచ్చినవారున్నారు.

యజమాని ఆ రాత్రి క్రొత్త ఖాతా వెనుక రెండు పుటలు తెరచెను. గోపాలపురపు పుట తొందరగనే నిండినది: బండి, గది, వంటవానితో ఐదు గంటల ఒప్పందము, నోలియాకు ఇయ్యవలసిన దినకూలి, మామ్మకు ఆనుడు బల్ల. కోడలు అడిగి ఒక వరుస చేర్పించినది: "రెండవ దినము అత్తగారు, కోడలు వంట చేయరు." నీస్ పుటలో పాస్‌పోర్టుల గడువులు, బీమా, ఇంటి అద్దె, చలికోట్లు కొట్టివేసి చెప్పులు, ఇట్లు సగము నిండినది. దుకాణము ఎవరు తెరతురు అను వరుస యెదుట గుమాస్తా పేరు పడినది. ఆ పదునైదు దినములు రాత్రివేళ మామ్మకు తోడెవరు అను వరుస మాత్రము ఇంకను ఖాళీగనే యున్నది. బరంపురపు ఆడపడుచును అడిగి వ్రాయవలసియున్నది.